చుట్టాలొచ్చిన రోజు బగారా అన్నం: ఏళ్ల తరబడి వండాక నా సమీక్ష

పది మంది భోజనానికి వస్తున్నారు, ఏం వండాలి అని ఎవరడిగినా నేను బగారా అన్నమే చెబుతాను. పెళ్లయినప్పటి నుంచీ మా ఇంట్లో పుట్టినరోజులకైనా, ఆడపడుచు వాళ్లు వచ్చినా, ఆఫీసు స్నేహితుల్ని పిలిచినా ఇదే మెయిన్ ఐటమ్. మధ్యలో బిర్యానీ చేశాను, పులిహోర చేశాను, చపాతీలు చేశాను, చేపల పులుసూ పెట్టాను. కొన్ని ఇప్పటికీ చేస్తాను. కానీ వండిన మనిషి కూడా వచ్చినవాళ్లతో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడాలంటే దీన్ని మించింది నాకు దొరకలేదు.

నాది వరంగల్ కాబట్టి చిన్నప్పటి నుంచీ దావత్ అంటే బగారా అన్నం, కోడికూరే. అటువైపు అలవాటు లేనివాళ్ల కోసం చెబుతున్నాను. షాజీరా, బిర్యానీ ఆకు, లవంగాలు, యాలకులు, దాల్చిన చెక్క వేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, పుదీనా, కొత్తిమీర వేయించి, ఆ పోపులో నీళ్లు పోసి బియ్యం ఉడికించడమే. రంగు వేయం, కారప్పొడి వేయం, మాంసం వేయం. కూర వేరే గిన్నెలో.

కూర వేరే గిన్నెలో ఉంటుంది కాబట్టే దీనికి నా దగ్గర ఇన్ని మార్కులు. మన ఇళ్లలో పది మంది వస్తే అందులో ఒకరు శనివారం ముట్టరు, ఒకరు మాలలో ఉంటారు, కార్తీకమో శ్రావణమో అయితే సగం మంది తినరు. చికెన్ బిర్యానీ పెట్టుకుంటే వాళ్ల కోసం ఇంకో హండీ ఎక్కించాలి. బగారా అయితే అన్నం అందరికీ ఒకటే, పక్కన కోడికూర ఒకటి, వంకాయ ఒకటి. ఆఖరి నిమిషంలో "అక్కా, మా ఆయన ఇవాళ నాన్‌వెజ్ తినరట" అని ఫోన్ వచ్చినా టెన్షన్ ఉండదు. ఉల్లి, వెల్లుల్లి కూడా తినని మాలధారులు వస్తే మాత్రం ఇది పనికిరాదు. వాళ్లకి తెల్లన్నం, ముద్దపప్పు, వెల్లుల్లి లేని చారు విడిగా పెడతాను.

బిర్యానీ రుచిని నేను తక్కువ చేయడం లేదు. కానీ దమ్ బిర్యానీ ఇంట్లో అతిథులకి చేయడమంటే గడియారంతో పోటీ. బియ్యం ముప్పాతిక వంతు ఉడకగానే వార్చాలి, మాంసం మీద పరవాలి, మూత చుట్టూ పిండి పెట్టాలి, లోపల ఏం జరుగుతోందో తెరిచి చూడ్డానికి లేదు. హైదరాబాద్‌లో ఒంటిగంటకి రమ్మంటే "ట్రాఫిక్‌లో ఉన్నాం" అంటూ రెండున్నరకి వస్తారు. అప్పటికి అడుగు మాంసం ఎండిపోతుంది, పైన అన్నం చల్లారిపోతుంది. పైగా ఈ ఊళ్లో ప్రతి మనిషికీ ఒక ఇష్టమైన బిర్యానీ హోటల్ ఉంటుంది. మీ హండీని దానితో పోల్చకుండా ఎవరూ లేవరు. బగారా అన్నాన్ని ఏ హోటల్‌తోనూ పోల్చరు, మహా అయితే వాళ్లమ్మ చేసినదానితో పోలుస్తారు.

ఇక వండే సంగతి. ఎనిమిది నుంచి పది మందికి కిలో బాస్మతి సరిపోతుంది. పక్కన స్వీటూ, స్నాకూ ఉంటే పది మందికీ వచ్చి కాస్త మిగులుతుంది కూడా. బియ్యం రెండుసార్లు కడిగి అరగంట నానబెట్టాలి. అంతకంటే ఎక్కువ నానితే కలిపేటప్పుడు మెతుకు విరుగుతుంది. నీళ్లు నానిన బాస్మతికి గ్లాసుకి గ్లాసున్నర. సోనా మసూరి అయితే గ్లాసుకి ఒకటీ ముప్పావు నుంచి రెండు వరకు, బియ్యం పాతదయ్యేకొద్దీ రెండుకి దగ్గరగా. ఒక సంగతి ఎవరూ చెప్పరు. బియ్యం రెట్టింపు చేసినప్పుడు నీళ్లు సరిగ్గా రెట్టింపు చేయకూడదు. పెద్ద గిన్నెలో ఆవిరైపోయే నీళ్లు ఆ లెక్కన పెరగవు కాబట్టి, రెండు కిలోలకి పోసే మొత్తంలో ఒక గ్లాసు తగ్గించాలి.

అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న గిన్నె తీసుకుని నూనె, నెయ్యి కలిపి కిలోకి ముప్పావు కప్పు దాకా వేస్తాను. మసాలా దినుసులు చిటపటమన్నాక సన్నగా పొడుగ్గా తరిగిన నాలుగు ఉల్లిపాయలు. రుచి అంతా ఇక్కడే ఉంది. ఉల్లిపాయ అంచులు ఎర్రబడి, మధ్యలో ఇంకా కాస్త తెల్లగా ఉన్నప్పుడే అల్లం వెల్లుల్లి ముద్ద పడాలి. అంతకంటే ముందైతే అన్నం చప్పగా ఉంటుంది, ముక్క మొత్తం నల్లబడితే చేదు దిగుతుంది. అల్లం వెల్లుల్లి ఆ పూట నూరిందైతేనే బాగుంటుంది. ప్యాకెట్ పేస్టు వేస్తే మూత తీయగానే వాసనలో తేడా తెలిసిపోతుంది. తర్వాత చీల్చిన పచ్చిమిర్చి, గుప్పెడు పుదీనా, కొత్తిమీర. నీళ్లు పోసి మరిగాక ఉప్పు వేసి గరిటెతో రుచి చూస్తాను. ఆ నీళ్లు నోటికి కొంచెం ఉప్పగా తగలాలి, అప్పుడే అన్నానికి సరిపోతుంది.

బియ్యం వడగట్టి వేశాక మంట పెద్దదే. నీళ్లు బియ్యం మట్టానికి దిగి, పైన చిన్న చిన్న గుంటలు కనిపించగానే మంట పూర్తిగా తగ్గించి, గిన్నె కింద పాత దోసె పెనం పెట్టి, మూత బిగించి పన్నెండు నిమిషాలు. స్టవ్ ఆపాక ఇంకో పావుగంట మూత తీయకూడదు. తీశాక గరిటె మధ్యలో గుచ్చి కలపకుండా, అట్లకాడతో అంచుల నుంచి లోపలికి తిరగేస్తే మెతుకు విరగదు.

హాట్‌ప్యాక్‌లోకి తీసేవాళ్లకి ఒక సూచన. వేడివేడిగా వేసి వెంటనే మూత బిగిస్తే ఆవిరి నీరై మళ్లీ అన్నంలోకే దిగుతుంది, అడుగు ముద్దైపోతుంది. ఐదు నిమిషాలు వదిలేసి అప్పుడు మూత పెట్టండి. గంటన్నర దాకా అన్నం వేడిగా, పొడిగా ఉంటుంది. లేటుగా వచ్చే చుట్టాల మీద కోపం తగ్గడానికి ఇదొక్కటి చాలు.

కోడికూర రెండు గంటల ముందే అయిపోవాలి. పది మందికి కిలోన్నర, ఎముకతో కొట్టించిన కర్రీ కట్. పొద్దున్నే ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెడతాను. వేయించి పొడి చేసిన ధనియాలు, ఎండు కొబ్బరి, గసగసాలతో మసాలా. బగారాకి కూర పల్చగా ఉండాలి. పొడి అన్నం మీద వేపుడు వేస్తే గొంతు దిగదు. కూర దించి కాసేపు వదిలేస్తే మసాలా ముక్కకి పడుతుంది, నూనె పైకి తేలుతుంది. తినేముందు ఒక పొంగు రానిస్తే చాలు. నాటుకోడి అయితే కుక్కర్‌లో ముందు ఉడికించుకోక తప్పదు.

వంకాయ ఇంకా సులువు, ఎందుకంటే అది ముందురోజు రాత్రే అయిపోతుంది. నువ్వులు, పల్లీలు, ఎండు కొబ్బరి వేయించి నూరి, చింతపండు పులుసులో గుత్తి వంకాయలు వేసి మగ్గించే బగారా బైంగన్ మర్నాటికే రుచెక్కువ. ఫ్రిజ్‌లోంచి తీసేసరికి గట్టిపడి ఉంటుంది కాబట్టి అర గ్లాసు వేడినీళ్లు పోసి చిన్న మంట మీద వేడి చేస్తాను. పిల్లలెక్కువ ఉన్న రోజు దీని బదులు సొరకాయ ముక్కలు, పప్పు కలిపి చేసే దాల్చా. ఇంక ఉల్లిపాయ, పెరుగు పచ్చడి, నిమ్మ చెక్కలు. అంతకుమించి పెట్టను. టేబుల్ మీద పన్నెండు గిన్నెలు పెడితే అన్నీ కొంచెం కొంచెం కెలికి వదిలేస్తారు.

మా అత్తగారిది భీమవరం వైపు. మొదట్లో వాళ్లకి ఇది నచ్చలేదు. "పలావు అనుకున్నానమ్మా, ముక్కలేవీ?" అని మామయ్యగారు నవ్వుతూనే అడిగారు. అత్తయ్యగారైతే పప్పు లేని భోజనమేంటన్నట్టు చూశారు. ఇప్పుడు వాళ్లొస్తున్నారంటే ముద్దపప్పు, ఆవకాయ కూడా టేబుల్ మీద ఉంటాయి. విచిత్రమేంటంటే మామయ్యగారు బగారా అన్నంలో గోంగూర మాంసం కలుపుకుంటారు. ఆ జోడీ నాకూ తట్టలేదు. మసాలా ఎక్కువ లేని అన్నం కాబట్టి గోంగూర పులుపు దాని మీద చక్కగా కూర్చుంటుంది. ఆ తర్వాత నేనూ అదే చేస్తున్నాను.

మిగతా వంటల గురించి క్లుప్తంగా. పులిహోర అన్నిటికంటే తేలిక, పొద్దున కలిపితే మధ్యాహ్నానికి ఇంకా బాగుంటుంది, కానీ పూజ రోజున తప్ప దాన్నే ప్రధాన వంటగా పెడితే మాంసాహారులు ఇంకేమైనా వస్తుందేమో అని వంటింటి వైపు చూస్తుంటారు. చేపల పులుసు ముందురోజు సాయంత్రమే పెట్టుకోవచ్చు, అదొక సౌకర్యం. అయితే బొచ్చె తెస్తే పిల్లలకి ముళ్లు ఏరడానికి ఒక మనిషి కావాలి. కొర్రమీను అయితే ఆ బాధ తక్కువ, ధర మాత్రం ఎక్కువ. చపాతీ, పూరీ అయితే నలుగురు దాటితే ఎంచుకోకండి. అందరూ తింటుంటే ఒక్క మనిషి పెనం ముందే నిలబడాలి, ఆ మనిషి ఎవరో చెప్పక్కర్లేదు.

బగారాలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. కూర బాగా కుదరకపోతే ఈ అన్నం దాన్ని కాపాడలేదు, బిర్యానీలా తనంతట తాను నిలబడదు. రాత్రి భోజనానికి పెద్దవాళ్లకి బరువుగా ఉంటుంది. మా ఇంట్లో సాయంత్రం పిలుపులైతే నూనె సగానికి తగ్గిస్తాను, రుచి కొంత తగ్గుతుంది, తప్పదు. చారూ, సాంబారూ దీనితో కలవవు. పెరుగన్నం తినకుండా లేవని మనలాంటివాళ్ల కోసం రెండు గ్లాసుల తెల్లన్నం ఎలాగూ వండాల్సిందే. అంటే ఒక్క వంటతో అయిపోతుందని నేను చెబితే అది పూర్తి నిజం కాదు.

మిగిలిన అన్నం విషయంలో అశ్రద్ధ వద్దు. ఎలాగూ మసాలా వేసిందే కదా, పాడవదులే అని రాత్రంతా గిన్నెలో బయటే వదిలేస్తుంటారు. మసాలా ఉన్నా అన్నం అన్నమే. చుట్టాలు బయల్దేరేలోపే వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు పొద్దున రెండు గుడ్లు కొట్టి బాగా వేడెక్కేలా వేయిస్తే టిఫిన్ పని కూడా ఉండదు.

మామూలు ఇంటి గ్యాస్ స్టవ్ మీద రెండు కిలోల బియ్యం దాకా ఇది హాయిగా వస్తుంది. ఆపైన మంట గిన్నె మధ్యకే తగిలి, చుట్టూ బియ్యం పలుకు మీదే ఉండిపోతుంది. ఇరవై మంది దాటుతున్నారంటే రెండు గిన్నెల్లో విడివిడిగా వండండి, లేదంటే టెంట్ హౌస్ నుంచి పెద్ద పొయ్యి అద్దెకి తెచ్చుకోండి.