ముక్కు పట్టుకోవడానికి ఋషీకేశ్ దాకా

"ముక్కు పట్టుకుని కూర్చోవడానికి అంత దూరం ఎందుకమ్మా, మన హాల్లో చాప లేదా?" అన్నాడు మా అబ్బాయి. వాడికి సమాధానం చెప్పకుండానే నవంబరు మొదటి వారంలో అక్కా నేనూ విజయవాడలో ఢిల్లీ రైలెక్కాం.

కోనసీమలో మా ఇంటి వెనక కాలువ గట్టు మీద నాన్న రోజూ సంధ్య వార్చేవారు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మడిచి, బొటనవేలితో ఒక ముక్కుపుటం, ఉంగరపు వేలితో రెండోది మార్చి మార్చి మూసేవారు. వెనక కూర్చుని మేమూ అలాగే చేయబోతే "ఆడపిల్లలకెందుకే ఆ ముక్కు పట్టుకోవడం" అని అమ్మ కసిరేది. ఇప్పుడు నాకు 57. రోజూ ఒక రక్తపోటు మాత్ర, తెల్లవారుజామున మూడింటికే తెరుచుకునే కళ్లు. ఎవరి దగ్గరైనా కూర్చుని సరిగ్గా నేర్చుకోవాలనిపించింది. "మాత్ర మానకుండా ప్రాణాయామం చేసుకోండి" అని మా డాక్టరు ఒప్పుకున్నారు. అక్కకు 63, మోకాళ్ల నొప్పులు. ఆమెకు ప్రాణాయామం మీద ఏ ఆశా లేదు, గంగలో మునగాలన్నదే కోరిక. పైగా చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలన్నీ పాసైన మనిషి. ఆ హిందీని వాడే అవకాశం నలభై ఏళ్లకు దొరికిందని ఆనందం.

హరిద్వార్‌లో దిగి, ఇంచుమించు 25 కిలోమీటర్లు ఆటోలో వెళ్లాం. అక్కడ మనిషికింత అని ఎక్కించుకునే పెద్ద ఆటోలను విక్రమ్ అంటారు. మొత్తం ఆటో మాట్లాడుకోకపోతే మీ ఒళ్లో ఎవరో ఒకరి గోనెసంచి ఉంటుంది.

మొదటి బస తపోవన్‌లో, లక్ష్మణ్ ఝూలా దగ్గర. ఏడు రాత్రుల ప్రాణాయామ శిబిరం, గంగ కనిపించే గది, సాత్విక భోజనం అని ఫోనులో ఫోటోలు చూసి డబ్బంతా ముందే కట్టేశాను. తప్పు నాదే. గంగ కనిపించిన మాట నిజం: స్నానాల గదిలో బకెట్టు బోర్లించి దాని మీదికెక్కితే. గది కిటికీ తెరిస్తే కనిపించింది మాత్రం కట్టుబడిలో ఉన్న మరో హోటలు. పొద్దున ఆరింటి నుంచి ఇనుప చువ్వలు కోసే చప్పుడు. శని, ఆదివారాల్లో గంగ మీద పడవ సాహసాలకని ఢిల్లీ వైపు నుంచి కుర్రాళ్లు కార్లలో దిగుతారు. ఆ రెండు రోజులూ సందు నిండా హారన్లే, నడవడానికి కూడా చోటుండదు. తపోవన్‌లో ఉండదలిస్తే సోమవారం దిగి శుక్రవారం వెళ్లిపోండి.

చప్పుడైనా భరించేదాన్ని. అసలు గొడవ క్లాసులో వచ్చింది. పద్దెనిమిది మందిమి. గురువుగారు పాతికేళ్ల కుర్రాడు, చొక్కాకు మైకు తగిలించుకున్నాడు. వచ్చినవాళ్లలో ఎవరికి ఏ జబ్బుందో, ఎవరు ఏం తిని వచ్చారో ఒక్కరినీ అడగలేదు. నేరుగా కపాలభాతి. అందులో గాలిని పొట్టతో బయటికి విసరాలి, లోపలికి దానంతటదే వస్తుంది. కొత్తవాళ్లు నింపాదిగా పది, ఇరవై సార్లు చేసి ఆగాలి. ఇతను నిమిషానికి 120 చొప్పున లెక్కపెడుతూ "ఇంకా, ఇంకా" అంటున్నాడు. రెండో విడతకు వేళ్ల చివర తిమ్మిరి పట్టింది, మూడో విడతకు గోడ మీది ఓంకారం రెండుగా కనిపించింది. ఆపేసి పక్కకు ఒరిగాను. "మంచిదే మాతాజీ, లోపలి మలినాలు బయటికి పోతున్నాయి" అన్నాడు.

పోయినవి మలినాలు కావు. లెక్కకు మించి గాలి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడు పడిపోతుంది, దానితో మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నబడతాయి. తల తిరగడం, తిమ్మిరి అందుకే. రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లూ గర్భిణులూ ఈ జోరు ప్రక్రియల జోలికి పోకూడదని ఏ మంచి గురువైనా మొదటి రోజే చెబుతారు.

అక్క మాత్రం ఇంత శాస్త్రం చెప్పలేదు. "మలినాలు కాదు, ప్రాణమే పోయేటట్టుంది. లేవవే" అని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. మూడో రాత్రి గడిచాక ఖాళీ చేస్తే మిగిలిన నాలుగు రాత్రుల డబ్బులో రూపాయి తిరిగి రాలేదు. మళ్లీ వచ్చినప్పుడు వాడుకోమని ఒక కాగితం ఇచ్చారు. అక్క దాన్ని రైల్లో పల్లీలు తినడానికి పొట్లంగా వాడింది.

ఆ రోజంతా బస వెతుక్కుంటూ ఊరు తిరిగాం. ఋషీకేశ్ అని మనం ఒక్క పేరుతో పిలిచేది నిజానికి మూడు జిల్లాల్లో పరుచుకుని ఉంది. బజారు, స్టేషను డెహ్రాడూన్‌లో, శివానంద ఆశ్రమం ఉన్న మునికీరేతీ టెహ్రీ గఢ్వాల్‌లో, నది అవతలి స్వర్గాశ్రమం పౌడీ గఢ్వాల్‌లో. లక్ష్మణ్ ఝూలా అసలు వంతెన సురక్షితం కాదని 2019లో ప్రకటించారు, కాబట్టి పాత ఫోటోలు చూసి దాని మీద నడవాలని ఆశపడకండి. రామ్ ఝూలా మీద మేం వెళ్లినప్పుడు ఆవులు, కోతులు, మనుషుల మధ్యనుంచి మోటారు సైకిలు కూడా దూరింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు 2020లో తెరిచిన జానకీ సేతు మేలు, నడిచేవాళ్లకు విడిగా దారి ఉంది. అక్క ఓటు మాత్రం పడవకే. పడవ సాగుతుండగా చెయ్యి చాచి గంగను ముట్టుకోవచ్చని.

శివానంద ఆశ్రమం గురించి నాలుగు మాటలు ఎక్కువ రాస్తాను. మలయాలో (ఇప్పటి మలేసియాలో) డాక్టరుగా పనిచేసి, అంతా వదిలి ఇక్కడికొచ్చిన తమిళనాడు మనిషి స్వామి శివానంద 1936లో దివ్య జీవన సంఘాన్ని స్థాపించారు. బీహారులోని ముంగేరులో యోగ విద్యాలయం పెట్టిన స్వామి సత్యానంద ఈయన శిష్యులే. ఈ ఋషీకేశ్ ఆశ్రమం భజన మందిరంలో 1943 డిసెంబరు 3న మొదలైన మహామంత్ర కీర్తన పగలూ రాత్రీ ఆగకుండా సాగుతోంది. మేం వెళ్లిన మధ్యాహ్నం లోపల ఇద్దరే ఉన్నారు. హార్మోనియం దగ్గర ఒక ముసలాయన, తాళం వేస్తూ ఒకావిడ. వినేవాళ్లు లేరన్న చింత వాళ్లకు లేదు. అరగంట కూర్చున్నాక గమనించాను, వాళ్ల పాటకు నా ఊపిరి దానంతటదే సర్దుకుంది: ఒక నామానికి లోపలికి, ఒక నామానికి బయటికి. తపోవన్‌లో మూడు రోజుల్లో జరగనిది అది. ఇక్కడ ఉండాలంటే చాలా ముందుగా రాసి అనుమతి తెచ్చుకోవాలి. అప్పటికప్పుడు వెళ్లి గది అడిగే చోటు కాదు.

పరమార్థ నికేతన్‌లో వెయ్యికి పైగా గదులున్నాయి. సాయంత్రం గంగా హారతి చూడదగ్గదే, కానీ ముందు మెట్ల మీద చోటు కావాలంటే గంట ముందు వెళ్లాలి, ఆ గంటా చుట్టూ ఫోన్లే హారతి పడుతుంటాయి. మార్చిలో అక్కడ అంతర్జాతీయ యోగా ఉత్సవం జరుగుతుంది. జనం ఇష్టమైతే అప్పుడు, కాదంటే అప్పుడు తప్ప ఎప్పుడైనా వెళ్లండి. 1968లో బీటిల్స్ బృందం వచ్చి ఉన్న మహర్షి మహేశ్ యోగి ఆశ్రమం ఇప్పుడు అటవీశాఖ చేతిలో ఉంది. నదిలోని గులకరాళ్లు పొదిగిన కోడిగుడ్డు ఆకారపు ధ్యాన కుటీరాలు, పాడుబడ్డ గోడల మీద రంగుల బొమ్మలు. టికెట్టుకు తగ్గ చోటే, అక్కకు మాత్రం "డబ్బిచ్చి పాడుపడ్డ ఇల్లు చూడటమేమిటి" అనిపించింది. తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆంధ్రా ఆశ్రమంలో వెంకన్న దర్శనం చేసుకుని, చుట్టూ తెలుగు మాటలు వినపడగానే అక్క ముఖం విప్పారింది.

మా రెండో బస పేరు రాయడం లేదు. రాయవద్దని దాన్ని నడిపే ఆవిడే అడిగారు, ఉన్నవి పదకొండే గదులు. పట్టణానికి దిగువన, గంగకు పది నిమిషాల నడక. ఇద్దరికీ భోజనాలతో కలిపి రోజుకు 2400 రూపాయలు తీసుకున్నారు. గదిలో రెండు మంచాలు, రెండు రగ్గులు, ఒక కుర్చీ. పొద్దున గంటసేపే వేడినీళ్లు. కిచిడీ, రొట్టె, సొరకాయ కూర, పలచటి పప్పు. ఉల్లి, వెల్లుల్లి లేవు. మూడో రోజుకు అక్క సంచిలోంచి గోంగూర పచ్చడి సీసా బయటికొచ్చింది. సాత్వికం మాట ఎలా ఉన్నా, వంటాయన కూడా ఒక చెంచా వేయించుకున్నాడు. లోపం చెప్పాలంటే పరుపులు మరీ పలచన, రాత్రి చలికి ఒక రగ్గు చాలదు. ఇంకొకటి అడిగితే ఇచ్చారు.

చేరగానే ఆవిడ ఒక కాగితం ఇచ్చి మా జబ్బులు, మందులు, ఎప్పుడు నిద్రపడుతుంది, ఎప్పుడు మెలకువ వస్తుంది అన్నీ రాయించుకున్నారు. అది చూడగానే సగం నమ్మకం కుదిరింది. మర్నాడు ఆరుగురం చాపల మీద కూర్చుని ముక్కు పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటే ఆవిడ నవ్వి, "ముక్కు సంగతి తరవాత, ముందు బోర్లా పడుకోండి" అన్నారు. మకరాసనం. చేతులు మడిచి నుదుటి కింద పెట్టుకుని, ఎండలో ఒడ్డుకు చేరిన మొసలిలా పడి ఉండటం. అంతే, ఇంకేమీ చేయవద్దన్నారు. రెండు నిమిషాలకు పొట్ట నేలను నొక్కుతూ, వదులుతూ ఉండటం తెలిసింది. పక్కటెముకల కింద గొడుగులా ఉండే కండరం, స్కూలు పుస్తకంలో ఉదరవితానం అని చదువుకున్నది, కిందికి దిగినప్పుడల్లా పొట్ట ఉబ్బుతుంది. ఇన్నేళ్లూ నేను ఛాతీ పైభాగంతోనే, మెట్లెక్కినదానిలా ఊపిరి తీసుకుంటున్నానని ఆ పూట అర్థమైంది. తరవాత వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద చిన్న ఇసుక సంచి పెట్టారు. ఊపిరి తీసినప్పుడు సంచి లేవాలి, వదిలినప్పుడు దిగాలి. రెండు రోజులు ఇదే పాఠం. నాలాంటి తొందర మనిషికి మొదటి పూట విసుగే పుట్టింది.

మూడో రోజు నాడీశోధన, అంటే ముక్కుపుటాలు మార్చి మార్చి ఊపిరి తీసి వదలడం. నేను వేళ్లు మడిచి ముక్కు మీద పెట్టాను. ఆవిడ ఏమీ అనకుండా వచ్చి నా మోచెయ్యి కొద్దిగా దించి, బొటనవేలిని ముక్కు దూలం ఎముక ఆగిపోయే చోటుకు జరిపి, "నొక్కకండి, తలుపు చేరవేసినట్టు ఆన్చండి" అన్నారు. నేను నొక్కి పట్టుకోవడం వల్ల ముక్కు ఒక పక్కకు వంకర తిరిగిందట. కుంభకం లేదు, బిగబట్టడం మీలాంటివాళ్లకు వద్దన్నారు. నాలుగు లెక్కపెడుతూ ఎడమ నుంచి పూరకం, ఎనిమిది లెక్కపెడుతూ కుడి నుంచి రేచకం, మళ్లీ కుడి నుంచి తీసి ఎడమ నుంచి వదలడం. వదలడం ఎందుకంత పొడుగని అక్క తన పరీక్షల హిందీలో అడిగింది. ఊపిరి తీసేటప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది, అందుకని ఆ నెమ్మది పాలు పెంచుతున్నాం అన్నారావిడ. మామూలుగా నిమిషానికి పన్నెండు నుంచి పద్దెనిమిది సార్లు ఊపిరి తీస్తాం. ఈ లెక్కతో అయిదుకు దిగుతుంది. కళ్లు తెరిచేసరికి చాప మీది ఎండ ఒక జానెడు జరిగి ఉంది.

నా రక్తపోటు తగ్గిపోయిందని రాయను. మాత్ర మాత్రగానే ఉంది. మూడింటి మెలకువ ఆ ఆరు రాత్రుల్లో రెండుసార్లే వచ్చింది. నడక వల్లనో, చలి వల్లనో, ఇసుక సంచి వల్లనో.

మధ్యలో ఒక పూట వశిష్ఠ గుహకు వెళ్లాం. బదరీనాథ్ దారిలో పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. 1961 వరకు స్వామి పురుషోత్తమానంద అక్కడ ఉండేవారు. దారి నుంచి మెట్లు దిగాలి, అక్క కూర్చుంటూ కూర్చుంటూ దిగింది. లోపల చీకటి, ఒక దీపం, గోడ వెంట నిశ్శబ్దంగా నలుగురు. అక్కడ ఎవరి ఊపిరి చప్పుడు వాళ్లకు వినపడుతుంది. టాక్సీకి 1800 అయింది, ఈ యాత్రలో పెట్టిన ఖర్చుల్లో నాకు అస్సలు బాధ కలిగించనిది అదే.

మీరు వెళ్లేటట్టయితే డబ్బంతా ముందే కట్టకండి, ఒక రాత్రికే కట్టి చూసుకోండి. ఫోను చేసినప్పుడు గది గురించి కాదు, క్లాసులో ఎంతమంది ఉంటారు, ఆరోగ్యం వివరాలు అడుగుతారా అని అడగండి. తడుముకుంటే పెట్టేయండి. 200 గంటల శిక్షణ, ధ్రువపత్రం అన్న బోర్డులు ప్రతి సందులోనూ ఉన్నాయి. అవి గురువులు కాదల్చుకున్నవాళ్ల కోసం, మన కోసం కాదు. వర్షాకాలం, శివభక్తులు గంగనీళ్లు మోసుకెళ్లే కావడి యాత్ర రోజులు వద్దు. ఊళ్లో మాంసం, మద్యం నిషేధం.

తిరుగు ప్రయాణంలో హరిద్వార్ స్టేషనులో రైలు రెండు గంటలు ఆలస్యం. నేర్చుకున్న ప్రాణాయామాల్లో భ్రామరి ఒక్కటీ అక్కకు తెగ నచ్చింది, దానికి వంగాల్సిన పని లేదు కదా. వేచి ఉండే గదిలో చెవులు మూసుకుని, నోరు మూసుకుని తుమ్మెదలా ఝంకారం మొదలుపెట్టింది. ఎదుటి బెంచీ మీది నాలుగేళ్ల పిల్లాడు బిస్కెట్టు తినడం ఆపాడు. బెంచీ కింద చూశాడు, మా సంచుల వెనక చూశాడు, తరవాత లేచి వెళ్లి కిటికీ రెక్క మూసి వచ్చాడు. ఝంకారం ఆగలేదు. వాడు వాళ్లమ్మ కొంగులోకి దూరాడు.