మిలటరీ తూటా, సివిల్ తూటా: ఏది మేలు?

విశాఖలో ఎన్ఏడీ, మల్కాపురం, గోపాలపట్నం వైపు నేవీలో చేసి రిటైరై, సెక్యూరిటీ ఉద్యోగం కోసం గన్ లైసెన్సుకి తిరిగేవాళ్ల దగ్గర తరచూ వినే మాట ఒకటుంది: "ఏముందన్నా, సర్వీసులో కాల్చిన రౌండే బయట ఇంకో పేరుతో అమ్ముతారు." ఇందులో సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే రైఫిల్ మొహం దగ్గరే పగిలే ప్రమాదం ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు 5.56×45, అంటే బుల్లెట్ లావు 5.56 మిల్లీమీటర్లు, కేసు (మందు నింపే ఇత్తడి గొట్టం) పొడవు 45. ఇన్సాస్ రైఫిల్ పట్టినవాళ్లందరికీ తెలిసిన సైజే. అమెరికాలో దీనికి సివిల్ జోడీ .223 రెమింగ్టన్ (ఇది అంగుళాల లెక్క). రెండూ పక్కపక్కన పెడితే తేడా పట్టలేం, తిరగేసి అడుగు చూడాలి. సివిల్ దాని మీద కంపెనీ పేరు, 223 రెమ్ అనే ముద్ర ఉంటాయి. మిలటరీ (నాటో కూటమి) దాని మీద వృత్తంలో ప్లస్ గుర్తు, తయారైన సంవత్సరం అంకెలు, ప్రైమర్ (మందుకి నిప్పంటించే చిన్న మూత) కదలకుండా చుట్టూ ఇత్తడిని నొక్కిన గీత, తేమ దూరకుండా పూసిన రంగు కనిపిస్తాయి. అయితే అసలు తేడా తూటాలో కంటే ఛాంబర్‌లోనే (రైఫిల్లో తూటా కూర్చునే చోటు) ఎక్కువ. మిలటరీ ఛాంబర్‌లో బుల్లెట్ ముక్కుకీ, బ్యారెల్ గాడులు మొదలయ్యే చోటుకీ మధ్య ఖాళీ ఎక్కువ వదులుతారు, .223లో తక్కువ. కాబట్టి .223ని 5.56 రైఫిల్లో వేస్తే ఫర్వాలేదు, గురి కాస్త అటూఇటూ అవుతుందేమో. అదే 5.56ని .223 రైఫిల్లో వేస్తే బుల్లెట్ కదలీ కదలకముందే గాడులకు తగిలి లోపల ప్రెషర్ పెరిగిపోతుంది. నెట్‌లో ఒకదానికి 55,000 పీఎస్ఐ (ప్రెషర్ కొలత), ఇంకోదానికి 62,000 అని పక్కపక్కన పెట్టి చూపిస్తారు గానీ ఆ రెండూ ఒకే చోట కొలిచినవి కావు, ఒకటి కేసు నడుమ దగ్గర, రెండోది కేసు మూతి దగ్గర. అంకెలు చూసి భయపడటమూ వద్దు, ధైర్యపడటమూ వద్దు. బ్యారెల్ మీద ఏం చెక్కి ఉందో అదే వేయాలి.

ఇక 7.62×51 సంగతి. దీని సివిల్ జోడీ .308 విన్‌చెస్టర్. అది 1952లోనే మార్కెట్లోకి వచ్చింది, 7.62ని నాటో 1954లో ఖాయం చేసింది. మిలటరీ కేసు గోడలు మందం, మిలటరీ ఛాంబర్ కాస్త పొడవు. పలచటి .308 కేసును అరిగిపోయిన పాత మిలటరీ ఛాంబర్‌లో కాలిస్తే కేసు సాగి చిట్లవచ్చు. సివిల్ రకం అంటే తక్కువ రకం, ఎందులోనైనా వేసేయొచ్చు అనుకునేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. 1962 యుద్ధం తర్వాత మన ఇషాపూర్ ఫ్యాక్టరీ .303 తూటా కాల్చే పాత బ్రిటిష్ ఎన్‌ఫీల్డ్ మోడల్‌ని 7.62కి మార్చి 2ఏ1 రైఫిల్ చేసినప్పుడు ఊరికే బ్యారెల్ మార్చి ఊరుకోలేదు, బలమైన ఉక్కు వాడింది. ఇంకో సంగతి, ఏకే రైఫిళ్లలో వేసేది 7.62×39. ముందు అంకె ఒకటే అయినా దీనికీ ×51కీ పొంతనే లేదు.

బుల్లెట్ రకంలోనూ తేడా ఉంది. మిలటరీది పూర్తిగా లోహపు తొడుగుతో వస్తుంది, తగిలినప్పుడు విచ్చుకోదు. కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో తయారైన విచ్చుకునే బుల్లెట్ల మీద పెద్ద గొడవ జరిగి, 1899 హేగ్ ప్రకటనలో యుద్ధంలో అలాంటివి వాడొద్దని రాసుకున్నారు. బయటి దేశాల్లో వేటకి మాత్రం విచ్చుకునేవే మేలంటారు, జంతువు గాయంతో పారిపోయి నరకం అనుభవించకుండా వెంటనే పడిపోతుందని.

ఇదంతా తెలుసుకోవాల్సిందే గానీ, విశాఖలో లైసెన్సు తీసుకునేవాడి ముందు నిజంగా ఉండే పోలిక .303, .315ల మధ్య. పోలీసుల త్రీనాట్‌త్రీ అందరం చూసిందే. అది మామూలు జనానికి నిషిద్ధ బోర్, అంటే ఆ సైజు తుపాకీకి వాళ్లకి లైసెన్సు ఇవ్వరు. మిలటరీ తూటా జనం చేతికి పోకూడదని బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ వస్తున్న పద్ధతి, అందుకే సివిల్ వాళ్లకి .315 ఉంది. ఇషాపూర్ .315 రైఫిల్ చూస్తే అచ్చం ఎన్‌ఫీల్డ్‌లాగే ఉంటుంది, బోల్ట్ లాగితే చేతికి అదే పాత అలవాటు తగులుతుంది. తూటా మాత్రం వేరు, బుల్లెట్ లావు, వేగం తక్కువ, ఒకదానిది ఇంకోదాంట్లో వేసే ప్రసక్తే లేదు. .303 అంత దూరం గురి నిలవదని కొందరు పెదవి విరుస్తారు. ఊళ్లో కాపలా కాసేవాడికి అంత దూరపు గురి ఎందుకు చెప్పండి?

నన్నడిగితే ఎంవీపీ కాలనీ, సీతమ్మధార లాంటి చోట, గోడకి గోడ ఆనుకున్న అపార్ట్‌మెంట్ల మధ్య, .315 కూడా వద్దు. గురి తప్పిన రైఫిల్ బుల్లెట్ కిలోమీటరు దాటి పోగలదు, మధ్యలో ఎవరున్నారో చూడదు. బ్యాంకు గార్డుల చేతిలో ఉండే 12 బోర్ డబుల్ బ్యారెల్ షాట్‌గన్నే ఇక్కడికి సరైనది, అందులోని చిన్న గుళ్లు త్వరగా వేగం కోల్పోతాయి. పిల్లలు షూటింగ్ నేర్చుకుంటామంటే ఎన్‌సీసీలో వాడే .22తో మొదలుపెట్టించండి, వెనక్కి తన్నడం దాదాపు ఉండదు, భుజం బిగుసుకోకుండా గురి కుదురుతుంది.

సర్వీసు రోజుల జ్ఞాపకమని ట్రంకు పెట్టెలో ఒక లైవ్ రౌండ్ దాచుకున్నవాళ్లు మాత్రం దయచేసి ఆలస్యం చేయకండి. లైసెన్సు లేకుండా ఒక్కటి ఉన్నా ఆయుధాల చట్టం కింద కేసే. చేత్తో పట్టుకుని బయల్దేరకుండా, ముందు ఒక లాయర్‌తో మాట్లాడి, స్టేషన్‌కి కబురు చేసి అప్పగించే ఏర్పాటు చూసుకోండి.