చిన్న విమానాశ్రయాల మధ్య: ఏటీఆరా, జెట్టా, దిగి మారడమా?

రెండు విమానాశ్రయాల మధ్య దూరం వెతికితే 400 కిలోమీటర్లు అని ఒక అంకె వస్తుంది. అది భూమి వంపు మీద లెక్కగట్టిన అతి దగ్గర దారి. విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు. వీలైనంతవరకు గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. మధ్యలో నిర్ణయించిన దారులు పట్టుకోవాలి. అందుకే దూరాన్ని వేగంతో భాగించి చూసుకుంటే టికెట్ మీదున్న సమయం కంటే తక్కువే వస్తుంది. టికెట్‌లో ఉండేది గేటు వదిలిన దగ్గర్నుంచి అవతలి గేటు చేరేదాకా పట్టే సమయం.

ఏటీఆర్ 72 అనేది రెక్కలకు పంకాలుండే చిన్న విమానం, గంటకు 500 కిలోమీటర్ల చిల్లర వేగంతో పోతుంది. ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్ 830 దాకా అందుకుంటుంది. కాగితం మీద పెద్ద తేడానే. కానీ 400 కిలోమీటర్ల దారిలో జెట్ పైకెక్కి కుదురుకునేసరికే దిగే వేళ అవుతుంది. పైగా 10,000 అడుగుల కింద చాలా దేశాల్లో 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు మించకూడదు. నేల మీద పాకే నిమిషాలు రెండింటికీ ఉన్నవే. చివరికి జెట్‌తో మిగిలేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. వెయ్యి కిలోమీటర్లయితే తేడా ముప్పావుగంట దగ్గరికి వస్తుంది, అప్పుడు నా ఓటు జెట్‌కే.

గాలి సంగతీ చూడాలి. గంటకు 80 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే, 500 వేగంతో పోయేదానికి 400 కిలోమీటర్లు దాటడానికి 57 నిమిషాలు. అదే గాలి వెనకనుంచి తోస్తే 41. పోయేటప్పటి సమయం, వచ్చేటప్పటి సమయం ఒకటి కాకపోవడానికి ఇదొక కారణం.

ఏటీఆర్‌లో వరసకు నాలుగే సీట్లు, మధ్య సీటు బాధ లేదు. ఎక్కేది వెనక తలుపు నుంచి కాబట్టి వెనక కూర్చున్నవాళ్లే ముందు దిగుతారు. ముందు వరస కోసం అదనంగా డబ్బు కట్టడం దండగ. రెక్క పైన ఉంటుంది గనక కిందున్న చెరువులు, పొలాలు చక్కగా కనిపిస్తాయి. కష్టమల్లా కుదుపులు. అది 25,000 అడుగులు దాటలేదు, ఎత్తైన మబ్బుల మీదుగా తప్పించుకోలేదు. తల మీది సామాను అర కూడా చిన్నది.

అసలు సమయం తినేది మధ్యలో ఓ పెద్ద విమానాశ్రయంలో దిగి విమానం మారడం. రెండు ఊళ్లూ ఆ విమానాశ్రయానికి చెరో 500 కిలోమీటర్ల దూరంలో ఉంటే 400 కాస్తా 1,000 అవుతుంది. మళ్లీ గేటు వెతుకులాట, నిరీక్షణ. రెండు విమానాలూ జెట్‌లైనా సరే, నేరుగా పోయే ఏటీఆర్‌ను అందుకోలేవు. తప్పదనుకుంటే రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద తీసుకోండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, తర్వాతి విమానం చూపించే బాధ్యత మామూలుగా విమాన సంస్థ మీద ఉంటుంది. విడివిడిగా కొంటే ఆ నష్టం మీదే.

దూరం 250 కిలోమీటర్ల లోపు ఉండి రోడ్డు బాగుంటే మాత్రం నేను విమానం జోలికే పోను.