చీజ్‌బర్గర్ బురిటో ఇంట్లో చేస్తే: చపాతీనా, ప్యాకెట్ రొట్టెనా, మైదానా? ఏది మేలు?

మా మేనల్లుడు బెంగళూరు నుంచి ఒడిశాలోని మా పర్లాకిమిడి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త తిండి పేరు మోసుకొస్తాడు. ఈ వేసవిలో మోసుకొచ్చింది చీజ్‌బర్గర్ బురిటో. "అత్తా, బర్గర్‌లో ఉండేవన్నీ ఉంటాయి, బన్ను ఒక్కటే ఉండదు. రొట్టెలో చుట్టేస్తారు" అన్నాడు. పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న మా అత్తగారు తలెత్తకుండానే, "చపాతీలో కైమా చుట్టి ఇవ్వడానికి అంత పేరెందుకురా?" అన్నారు. ఆవిడ మాటలో సగం నిజముంది. మిగతా సగం తేల్చుకోవడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది.

బురిటో అంటే స్పానిష్‌లో చిన్న గాడిద. ఆ తిండి ఉత్తర మెక్సికోది. మెక్సికోలో మిగతా చోట్ల మొక్కజొన్న రొట్టె ఎక్కువైతే, సొనోరా, చివావా వైపు గోధుమ పండుతుంది కాబట్టి అక్కడ మైదాలాంటి తెల్లపిండితో పల్చటి రొట్టె చేస్తారు. దాన్నే టోర్టియా అంటారు. అందులోకి అమెరికావాళ్ళు తమ బర్గర్ సరుకంతా దించారు: కైమా, చీజ్, పచ్చి ఉల్లిపాయ, ఊరవేసిన దోసకాయ, ఆవాల సాస్, టమాటా సాస్. మావాడు దాన్ని బరీటో అంటాడు, నేను బురిటో అంటాను. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసిన ఊరు మాది, నోటికి వచ్చినట్టే రాసుకుంటాను.

ముందు రొట్టె సంగతి. మొదటి ఆదివారం పొద్దున మిగిలిన గోధుమ చపాతీలతో చేశాను. మధ్యలో కైమా పెట్టి అంచు మడిచేసరికి మడత దగ్గర ఫట్టున విరిగింది. సాస్ మోచేతి దాకా కారింది. తప్పు చపాతీది కాదు. గోధుమపిండిలో ఉండే తవుడు ముక్కలు పిండి సాగే గుణాన్ని తెగ్గొడతాయి, చల్లారితే ఇంకా గట్టిపడుతుంది. అదే పిండిని వేడినీళ్ళతో, రెండు చెంచాల నూనెతో కలిపి, కాల్చిన వెంటనే గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే విరగలేదు. కానీ రుచి దగ్గర మళ్ళీ చిక్కు. గోధుమ రుచి ముందుకొచ్చి చీజునీ సాసునీ వెనక్కి నెట్టేసింది. తింటే మధ్యాహ్నం చపాతీ తిన్నట్టే ఉంది. మా అత్తగారు ఏమీ అనలేదు, నవ్వారంతే.

రెండో ఆదివారం ప్యాకెట్ టోర్టియాలు. మా ఊళ్ళో దొరకలేదు, పాతపట్నంలోనూ లేవు. విశాఖపట్నం వెళ్ళినప్పుడు మా ఆయన ఒక పెద్ద కొట్లో కొనుక్కొచ్చారు. ఇంటికొచ్చి విప్పితే పై రెండింటికీ బూజు. తేదీ చూస్తే గడువు ఇంకా ఉంది. ఎండల్లో అంత దూరం బస్సులో వచ్చిన వస్తువు కదా, ఎవర్నని ఏం లాభం. మిగతావి బాగానే ఉన్నాయి, పెనం మీద పది సెకన్లు వెచ్చబెడితే మెత్తగా, చెప్పినట్టు మడతపడ్డాయి. కాకపోతే నిల్వ ఉండడానికి వేసిన సరుకుల వల్ల కాస్త పుల్లని వాసన ఉంటుంది, మాకు దొరికినవాటి సైజు కూడా చిన్నది. రెండు గరిటెల సరుకు పెడితే చుట్టడానికి చోటే మిగల్లేదు. నగరంలో ఉండి, ఆఫీసు నుంచి రాత్రి ఎనిమిదికి వచ్చేవాళ్ళకైతే నేను ప్యాకెట్టే కొనుక్కోమంటాను. మాలాంటి ఊళ్ళో దానికోసం తిరగడం దండగ.

మధ్యలో మావాడు ఫ్రీజర్ పరోటాతో ఒకటి చేసుకున్నాడు. పొరలు ఊడిపోయాయి, చేతులనిండా నూనె. రుచికి మాత్రం వంక లేదు. అది బురిటో కాదు, అంతే.

మూడో ఆదివారం మైదా పట్టుకున్నాను. పావుకిలో మైదాకి 50 గ్రాముల వెన్న లేదా డాల్డా, ముప్పావు చెంచా ఉప్పు. నీళ్ళు పోయకముందే వెన్నని పిండిలో బాగా రుద్దాలి. జంతికల పిండికి చూస్తామే, గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్దకట్టి నిలబడాలి, అలాగన్నమాట. తర్వాత సుమారు 130 మిల్లీలీటర్ల వేడినీళ్ళు కొద్దికొద్దిగా పోసి మెత్తగా కలిపి, అరగంట మూతపెట్టాలి. ఆరు ఉండలు వస్తాయి. పది అంగుళాల వెడల్పు వచ్చేదాకా వత్తాలి. మైదా మొండిది, వత్తిన కొద్దీ వెనక్కి ముడుచుకుంటుంది. దానితో కుస్తీ పట్టకుండా పక్కన పెట్టి ఇంకో ఉండ వత్తుకోండి, అయిదు నిమిషాల్లో అదే లొంగుతుంది. పెనం బాగా కాలాక నూనె లేకుండా ఒక్కోవైపు 40 సెకన్లు. బుడగలు లేచి అక్కడక్కడ మచ్చ పడగానే తీసి గుడ్డలో వేయాలి. ఇంకో పావు నిమిషం ఉంచితే అప్పడమే. గుడ్డలో ఒకదాని మీద ఒకటి ఉన్నప్పుడు పట్టే ఆవిరి వల్లే రొట్టె మెత్తగా మడతపడుతుంది.

తవుడు లేదు కాబట్టి తెగదు, వెన్న పట్టింది కాబట్టి రబ్బరులా సాగదు, తనకంటూ పెద్ద రుచి లేదు కాబట్టి లోపలి సరుక్కి అడ్డురాదు. నా ఓటు దీనికే. "మైదా ఒంటికి మంచిది కాదు కదా వదినా" అని మా ఆడపడుచు ఫోన్లో అంది. నిజమే. సగం గోధుమపిండి కలిపీ చూశాను, పరవాలేదు, మడత నిలిచింది, రుచి మధ్యస్థంగా ఉంది. చీజు, మయోనైజ్ దట్టించి పైన రొట్టె దగ్గర ఆరోగ్యం లెక్క చూడ్డం నాకు నవ్వొచ్చింది. నెలకోసారి చేసేదాన్ని మైదాతోనే చేస్తాను.

ఇక మాంసం. అమెరికాలో అది గొడ్డు మాంసం, మా ఇంట్లో తినం. మిగిలింది మేక, కోడి, మీల్ మేకర్. మటనే గెలుస్తుందనుకున్నాను, ఓడిపోయింది. బర్గర్ రుచంతా మాంసం పెనానికి అంటుకుని ఎర్రగా వేగడంలో ఉంది. మటన్ కైమా మెత్తబడాలంటే ఇరవై నిమిషాలైనా ఉడకాలి, ఉడకాలంటే నీళ్ళుండాలి, నీళ్ళున్నంతసేపూ ఏదీ వేగదు. పోనీ ఉడికించాక నీళ్ళు ఇంకించి వెన్నలో వేయిద్దామంటే, కొవ్వు తక్కువ మాంసం కాబట్టి పొడిపొడిగా ఇసుకలా అయింది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది నీచు వాసన. దానికి అల్లం వెల్లుల్లి పడాలి, అది పడ్డాక గరం మసాలా అడుగుతుంది, రెండూ పడ్డాక మీరు చేసింది కూర. దాన్ని చపాతీలో చుడితే మళ్ళీ మా అత్తగారి మాటే నెగ్గుతుంది.

కోడి కైమాకి ఈ తిప్పలు లేవు. బ్రెస్ట్ కాకుండా తొడ మాంసం కొట్టించండి, కొవ్వు కాస్త ఉంటుంది. అరకిలోకి ఉప్పు, మిరియాల పొడి, ఒక చెంచా సోయా సాస్ చాలు. వెడల్పాటి పెనం బాగా కాల్చి కైమాని పల్చగా పరిచి మూడు నిమిషాలు వేలు పెట్టకూడదు. కదిపితే నీరూరి ఉడికిపోతుంది. అడుగు ఎర్రబడ్డాక అట్లకాడతో గీకి తిరగేసి, గులాబీ రంగు ఎక్కడా కనబడకుండా వేయించాలి. ఒకేసారి అరకిలో వేయకండి, రెండు విడతలుగా. ధర చూసినా మటన్‌కి కోడికి పోలికే లేదు.

మీల్ మేకర్ కార్తీకమాసం కోసం. మా పక్కింటి ఒడియా మౌసి ఇంట్లో కార్తీకమంతా నీచు ముట్టరు, చివరి అయిదు రోజులు పంచుక, అప్పుడు కొంగ కూడా చేప ముట్టదంటారు. మీల్ మేకర్‌ని వేడినీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, వెన్నలో ఎర్రగా వేయిస్తే అనుకున్నంత చెడ్డగా ఉండదు. అంతకంటే పొగడలేను.

చీజ్ దగ్గర ఎక్కువ ఆలోచించక్కర్లేదు, స్లైసులే. ఒడిశా గడ్డ మీద ఉండి ఛెనా, అదే విరిగిన పాల ముద్ద, వాడకపోతే ఎలా అని ఓసారి వేశాను. ఛెనా, పన్నీరు ఎంత వేడి చేసినా కరగవు, ఎందుకంటే పాలను పులుపుతో విరగ్గొట్టినప్పుడు ముద్దని కరిగేలా పట్టి ఉంచే కాల్షియం నీళ్ళలోకి పోతుంది. మోజరెల్లా కరుగుతుంది గానీ తీగలు సాగుతుంది, ఉప్పదనం తక్కువ. స్లైసుల్లో కలిపే ఒక రకం లవణాల వల్ల నూనె విడిపోకుండా సాస్‌లా కరుగుతుంది. బర్గర్‌కి కావాల్సింది అదే. వేడి కైమా మీద రెండు స్లైసులు వేసి మూతపెడితే నిమిషంలో అయిపోతుంది.

ఇంత చేసినా మూడో ఆదివారం దాకా మావాడు "బాగుంది అత్తా, కానీ బర్గర్ అనిపించట్లేదు" అంటూనే ఉన్నాడు. లోటు పులుపులో ఉంది. గెర్కిన్ అనే చిన్న దోసకాయలు మన దక్షిణాదిలోనే పండి, ఊరి, సీసాలకెక్కి విదేశాలకు పోతాయి. మా ఊరి కొట్లో అడిగితే మాత్రం అదేటమ్మా అన్నారు. ఆవకాయ వేసి చూశాను, మిగతా రుచులన్నీ పారిపోయాయి. చివరికి కీరదోసని చక్రాలుగా తరిగి, ఉప్పు రాసి పావుగంట ఉంచి పిండేసి, అర కప్పు వెనిగర్, పావు కప్పు నీళ్ళు, చెంచా పంచదార, కాసిని ఆవాలు, మిరియాలు, ఒక వెల్లుల్లి రెబ్బ వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. సీసా గెర్కిన్‌కి ఇది తొంభై శాతం సమానం, ఖర్చు ఏమీ లేదు.

ఆవాల సాస్‌కి సీసా వెతుక్కోనక్కర్లేదు. అమెరికా సీసాలో ఉండే ఆ రంగు పసుపుకొమ్ముదే, లోపల తెల్ల ఆవాలు, ఘాటు తక్కువ. మన నల్ల ఆవాలు ముక్కుకెక్కుతాయి కాబట్టి వాళ్ళ చెంచాకి మనకి పావు చెంచా చాలు. మౌసి బెసర అనే ఆవ కూరకి నూరేటప్పుడు చూసి నేర్చుకున్నాను, మన ఆవ పెట్టిన కూరల కిటుకూ అదే. ఆవాలు పొడిగా ఉన్నంతసేపూ ఘాటుండదు, నూరాక నీళ్ళు తగిలితేనే పుడుతుంది. అందుకని చల్లటి నీళ్ళతో నూరి పది నిమిషాలు వదిలేసి, తర్వాత వెనిగర్, చిటికెడు పసుపు కలపాలి. వెనిగర్ పడ్డాక ఘాటు పెరగడం ఆగి, ఉన్నది నిలుస్తుంది. వేడినీళ్ళు పోస్తే ఘాటు పుట్టదు. ఈ ఆవ పావు చెంచా, మూడు చెంచాల మయోనైజ్, ఒక చెంచా కెచప్, సన్నగా తరిగిన ఊరు కీర ఒక చెంచా. కలిపి నాకి చూసి నాకే ఆశ్చర్యమేసింది.

నాలుగో ఆదివారం మైదా రొట్టె, కోడి కైమా, స్లైసులు, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, లెట్యూస్ లేదు కాబట్టి చల్లటి నీళ్ళలో ముంచి తీసిన క్యాబేజీ, ఊరు కీర, ఈ సాస్. రెండు పక్కలా మడిచి, కింద నుంచి గట్టిగా చుట్టి, అతుకు వైపు ముందు పెనం మీద పెట్టి రెండు నిమిషాలు కాల్చాను. అతుక్కుపోయింది. మావాడు మాట్లాడకుండా రెండు తిన్నాడు. మా అత్తగారు సగం తిని, "కైమాలో కారం మర్చిపోయావే" అన్నారు.

సాయంత్రం బండికి వాడు బయల్దేరుతుంటే నాలుగు చుట్టి ఇచ్చాను. కీర, క్యాబేజీ, సాస్ మాత్రం వేరే డబ్బాలో సర్దాను. లోపల పెట్టి చుడితే పలాస స్టేషన్ చేరేలోపే రొట్టె నానిపోతుంది.