సబ్బుకు బదులు శానిటైజర్: నాలుగేళ్ల వాడకం తరువాత

మంచం పట్టిన అమ్మకు సేవ చేస్తూ రోజుకు ముప్పైసార్లకు పైగా సబ్బుతో చేతులు కడుక్కోవలసి రావడంతో, నా వేళ్ల కణుపుల మీద చర్మం పొడిబారి, పగిలి, చివరికి నెత్తురు కనిపించే స్థితికి వచ్చింది. సబ్బుకు బదులు ఏది పనికొస్తుందో నాలుగేళ్లుగా వాడి చూస్తున్నాను.

నిలిచింది ఆల్కహాల్ శానిటైజరే. కొనేటప్పుడు నేను చూసేది సీసా వెనుక రాసిన ఆల్కహాల్ శాతం. అది కనీసం 60 ఉండాలి. ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే సూక్ష్మజీవుల ప్రోటీన్లు దెబ్బతినడానికి కొంత నీరు కూడా అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఒక మిశ్రమంలో ఇథనాల్ 80 శాతం, చర్మం ఎండిపోకుండా గ్లిజరిన్ 1.45 శాతం ఉంటాయి. అందులో కొద్దిగా కలిపే హైడ్రోజన్ పెరాక్సైడ్ మాత్రం చేతుల కోసం కాదు, ద్రవంలోనే చేరిన బీజాంశాలను (బాక్టీరియా గట్టి పొరలో దాక్కుని బతికే రూపాలను) చంపడానికట!

మొదటి ఏడాదంతా నేను తప్పుగా వాడాను. రెండు చుక్కలు అరచేతులకు రాసుకుని, తడి ఆరకముందే పనిలో పడేదాన్ని. అరచేతి గుంట నిండా తీసుకుని, వేళ్ల సందులు, గోళ్ల చివరలు, బొటనవేళ్ల చుట్టూ రుద్దుతూ, దానంతటదే ఆరేదాకా 20 నుంచి 30 సెకన్లు ఆగాలి. ఎడమ బొటనవేలిని ఇప్పటికీ మరచిపోతుంటాను. పగుళ్లలో పడితే ప్రాణం పోయేంత మంట పుట్టేది కానీ, గ్లిజరిన్ ఉన్న రకానికి మారాక కొన్ని వారాల్లోనే అవి మానాయి. చవకగా దొరికిన జెల్ ఒకటి ఆరాక వేళ్ల మధ్య నలకలుగా ఉండలు కట్టేది, దాన్ని పారేశాను.

అమ్మకు విరేచనాలు పట్టుకున్న వారం మాత్రం మళ్లీ సబ్బు దగ్గరికే వెళ్లాను. విరేచనాలు కలిగించే క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా బీజాంశాలను ఆల్కహాల్ చంపలేదు, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద దాని ప్రభావం అంతంతమాత్రమే. నీళ్లు పోసి రుద్ది కడిగేయడమే దారి. జిడ్డు, మట్టి కంటికి కనిపిస్తున్న చేతులకూ అంతే.

బూడిదతో రుద్దితే మురికి వదిలింది కానీ దాని క్షారం పగుళ్లను మరింత రేపింది. 0.05 శాతం క్లోరిన్ నీటిని ఏ రోజుకారోజు కలుపుకోవాలి, పైగా ఆ వాసన భరించలేకపోయాను. తడి వైప్స్ మురికిని ఒక వేలి నుంచి మరో వేలికి పులిమినట్టే అనిపించాయి.

ప్రస్తుతం శానిటైజర్ సీసా, నిప్పంటుకునే ద్రవం కనుక పొయ్యికి దూరంగా, అమ్మ మంచం పక్కన ఉంటుంది. సబ్బు మరుగుదొడ్డి తలుపు దగ్గర ఉంటుంది.