మూడు వేసవులు ఒకే సమ్మర్ క్యాంప్‌కి పంపాక

మావాడిని 2023, 2024, 2025 వరసగా మూడు వేసవులు ఒకే క్యాంప్‌కి పంపాం. మూడో ఏడు వాడితో పాటు చిన్నదాన్ని కూడా చేర్చాం. మా ఇల్లు హైదరాబాద్‌లో నిజాంపేట వైపు. క్యాంప్ పేరు రాయను. నచ్చని సంగతులు కొన్ని చెప్పబోతున్నాను, వాళ్ళ వైపు మాట వినిపించకుండా పేరు పెట్టడం బాగుండదు. పైగా ఇలాంటివి మా వైపు వీధికి రెండున్నాయి, బోర్డు మారినా లోపల సరుకు దాదాపు ఒకటే.

ముందు ఎందుకు పంపామో చెప్పేస్తాను. తెలంగాణలో బడులకి ఏప్రిల్ 24, 25 తేదీల్లో సెలవులిస్తే మళ్ళీ తెరిచేది జూన్ 12కే. ఏడు వారాలు! మా చిన్నప్పుడైతే ఆఖరి పరీక్ష రాసిన సాయంత్రమే ఖమ్మం బస్సెక్కించేవాళ్ళు, అమ్మమ్మగారింట్లో వదిలేస్తే జూన్ దాకా మా ఊసే ఎత్తేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆ ఖమ్మంలో ఉన్నది మా అమ్మానాన్నలే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నకి షుగర్. నాలుగున్నరేళ్ళ పిల్లాణ్ణి ఏడు వారాలు వాళ్ళ మీద వదలడం అన్యాయం. నాకు వారంలో మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇంటి నుంచి పని. మా ఆయనది సేల్స్, ఊళ్ళు తిరిగే ఉద్యోగం. కాబట్టి చదువు కోసం పంపామని గొప్పలు పోను. పొద్దున మూడు గంటలు వాడు ఎక్కడో ఒకచోట క్షేమంగా ఉంటే చాలనుకున్నాం.

మొదటి ఏడు ఫీజు 4,500. మూడు వారాలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర వరకు. పాంప్లెట్ నిండా ఫోనిక్స్ (ఇంగ్లీషు అక్షరాల శబ్దాలు నేర్పడం), స్టెమ్ (సైన్సు, లెక్కల ప్రయోగాలు), యోగా, పబ్లిక్ స్పీకింగ్, ఫైర్‌లెస్ కుకింగ్. నాలుగేళ్ళ వాడికి పబ్లిక్ స్పీకింగ్ ఏంటని మా ఆయన నవ్వాడు. అప్పట్లో క్యాంప్ నడిచింది ఒక పాత ఇండిపెండెంట్ ఇంట్లో. ముందు మట్టి వాకిలి, ఒక మామిడిచెట్టు, దాని కింద నీళ్ళ తొట్టి. పిల్లలు పన్నెండు మంది, ఇద్దరు టీచర్లు, ఒక ఆయమ్మ.

మొదటి నాలుగు రోజులు మావాడు గేటు పట్టుకుని ఒకటే ఏడుపు. టీచర్లు చాక్లెట్ ఇచ్చారు, కార్టూన్ పెట్టారు, ఏదీ పనిచేయలేదు. ఐదో రోజు ఆయమ్మ వాడి చేతికి చెంబిచ్చి "చెట్టుకి దాహమైతాంది, నీళ్ళు పొయ్యి బిడ్డా" అందట. అంతే, ఏడుపు ఆగింది. మర్నాటి నుంచి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా తొట్టి దగ్గరికి పరుగు. ఈ ఉపాయం పాంప్లెట్‌లో లేదు.

ఆ ఏడు నేర్పినవి తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. వామనగుంటల పీట తెచ్చి లెక్కలు ఆడించారు. పద్నాలుగు గుంటలు, గుంటకి ఐదు చింతగింజలు. ఒక గుంటలోవి తీసి ఒక్కొక్కటే పంచుకుంటూ పోవాలి కదా, నోటితో అంకె, వేలితో గింజ కలిసి కదలాలి. అంతకుముందు వాడు పదిహేను దాకా పాటలా అప్పజెప్పేవాడు గానీ ఏడు బిస్కెట్లు తెమ్మంటే తొమ్మిది తెచ్చేవాడు. క్యాంప్ అయ్యేసరికి ఐదేసి చొప్పున లెక్కపెట్టడం వచ్చేసింది. ఇంకోరోజు ప్లాస్టిక్ కవర్లో అయస్కాంతం చుట్టి ఇసకలో తిప్పించారు. కవర్‌కి అంటుకున్న నల్లటి రవ్వల్ని అగ్గిపెట్టెలో పోసుకుని ఇంటికి తెచ్చాడు. ఆ అగ్గిపెట్టె వర్షాకాలం దాకా నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది, పారేయనిస్తే కదా.

అన్నిటికన్నా గుర్తుండిపోయింది మే 9. హైదరాబాద్‌లో ఆ రోజు మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకి సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికొస్తాడు, నిలువుగా నిలబెట్టిన వస్తువుకి నీడ పడదు. కర్కట రేఖకీ మకర రేఖకీ మధ్యనున్న ఊళ్ళన్నిటికీ ఏడాదికి రెండుసార్లు ఇలా జరుగుతుంది. మనకి రెండోది ఆగస్టు మొదట్లో వస్తుంది, అప్పుడు మబ్బులు పట్టి చాలాసార్లు చూడలేం. టీచర్ పదకొండు గంటలకే వాకిట్లో ఒక స్టీలు గ్లాసు బోర్లించి, దాని నీడ చుట్టూ సుద్దముక్కతో గీత గీయించింది. పావుగంటకొకసారి మళ్ళీ గీత. నీడ కుంచించుకుపోతూ పోతూ చివరికి గ్లాసు కిందికి దూరిపోయింది. నేను ఆ రోజు తీసుకెళ్ళడానికి కాస్త ముందే వెళ్ళాను. ఎండ మాడిపోతోంది, పిల్లలంతా టోపీలు పెట్టుకుని తమ కాళ్ళ కిందికి తామే వంగి చూసుకుంటున్నారు. పది నిమిషాలకి మించి ఎండలో ఉంచలేదు, అందరికీ తలా గ్లాసు మజ్జిగ ఇచ్చారు. ఆ వారమంతా మావాడు కనపడిన వాళ్ళందరికీ "నా నీడ పోయింది తెలుసా?" అని చెప్పుకుని తిరిగాడు. ఫోన్లో వాళ్ళ తాతకి మూడుసార్లు.

అందుకే 2024లో రెండో ఆలోచన లేకుండా చేర్చాం. ఫీజు 6,000, కిట్‌కి మరో 500. ఇల్లు అదే, చెట్టు అదే, ఆయమ్మ ఉంది. పిల్లలు పద్దెనిమిది మందయ్యారు. ఆ ఏడు కొత్తగా మొదలైంది వాట్సాప్ గ్రూప్‌లో ఫొటోలు. రోజుకి నలభై ఫొటోలు! మొదట్లో ఆఫీసులో కూర్చుని మురిసిపోతూ చూశాను. తర్వాత గమనిస్తే ప్రతి పిల్లాడి చేతిలో ఉన్న పేపర్ చేప ఒకేలా ఉంది, కత్తిరింపు కూడా ఒకేలా. మావాణ్ణి అడిగితే "మిస్ కట్ చేసింది, మిస్ అంటించింది, నేను పట్టుకున్నా" అన్నాడు. అబద్ధం చెప్పడం ఇంకా రాలేదు వాడికి. టీచర్ల తప్పని అనను. ఫొటో రాకపోతే "ఇవాళ మా పాప ఏం చేసింది?" అని గ్రూప్‌లో నిలదీసేది మనమే.

ఆ ఏడు మంచి రోజంటే బిర్లా సైన్స్ మ్యూజియంకి తీసుకెళ్ళిన రోజు. అక్కడ కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది, 44 అడుగుల పొడవు. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వకాల్లో దొరికిన ఎముకలతో నిలబెట్టింది. "కోటలో ఉండేదా అమ్మా?" అని రాత్రి పడుకోబోతూ అడిగాడు. కోట అన్నది ఊరి పేరనీ, ఆ పేరుతో పిలిచే రాతి పొరల్లో దొరికింది కాబట్టి అలా పెట్టారనీ నేనూ అప్పుడే చదివి చెప్పాను. డైనోసార్లంటే ఎక్కడో అమెరికాలో ఉండేవనుకున్నవాడికి మన ఆదిలాబాద్‌లో తిరిగిందంటే ఎంత సంబరమో.

చెడ్డ వారం కూడా ఆ ఏడే. క్యాంప్‌లో ఒక పిల్లకి ఆటలమ్మ వచ్చింది. సోమవారమే వాళ్ళకి తెలుసు, మాకు గ్రూప్‌లో పెట్టింది గురువారం. మావాడికి కూడా వచ్చింది, చివరి వారం మొత్తం ఇంట్లోనే. ఫీజులో కొంతైనా తిరిగిస్తారా అంటే "నో రీఫండ్ అని ఫారంలో ఉంది మేడం" అన్నారు. ఫారం చూస్తే నిజంగానే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. డబ్బు కన్నా ఆ మూడు రోజుల మౌనమే బాధపెట్టింది. సోమవారమే చెప్పి ఉంటే మానిపించేవాళ్ళం కదా.

మరి 2025లో మళ్ళీ ఎందుకు పంపావంటే, ఒకటి బద్ధకం, రెండు మామిడిచెట్టు. చెట్టు కోసం పంపితే చెట్టే లేదు. క్యాంప్ మెయిన్ రోడ్డు మీద కాంప్లెక్స్‌లో మూడో అంతస్తుకి మారింది. ఏసీ హాలు, గోడలకి రంగులు, నేలంతా రబ్బరు మ్యాట్లు. చూడగానే నాకూ నచ్చింది, బయట నలభై దాటిన ఎండ కదా. ఫీజు 8,500, మెటీరియల్ 1,200. మూడు వారాలకి మొత్తం 45 గంటలు. మొదటి ఏడు గంటకి వంద రూపాయలు పడితే, ఇప్పుడు మెటీరియల్‌తో కలిపి రెండు వందల పదిహేను. పిల్లలు ఇరవై ఆరు మంది. టీచర్లు ఇద్దరే, అందులో ఒకమ్మాయి సెలవుల్లో పనికొచ్చిన డిగ్రీ స్టూడెంట్. ఆయమ్మ ఉంది గానీ ఆమెకి ఇప్పుడు కింద గేటు, పైన బాత్రూమ్, మధ్యలో లిఫ్ట్.

చిన్నదానికప్పుడు మూడున్నరేళ్ళు. ఒకరోజు గౌను తడుపుకుంది. బ్యాగులో వేరే జత ఉంది, నేను తీసుకెళ్ళేదాకా ఎవరూ మార్చలేదు. ఎంతసేపు అలా ఉందో అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. నాకు కోపం వచ్చిన మాట నిజమే, కానీ ఇరవై ఆరు మందిలో ఆ డిగ్రీ అమ్మాయి కళ్ళు ఎన్ని వైపులకని పోతాయి? ఇద్దరు టీచర్లతో ఇరవై ఆరు మందిని చేర్చుకున్న వాళ్ళది తప్పు.

మావాడైతే విసిగిపోయాడు. వంటసోడాలో వెనిగర్ పోసి అగ్నిపర్వతం పొంగించడం వరసగా మూడో ఏడు. ఈసారి మిస్ కన్నా ముందే వాడే అందరికీ వివరించేశాడట. ఇక చివరి వారం అంతా ముగింపు రోజు డాన్స్‌కి రిహార్సల్. ఐదు రోజులు, ఒక్క పాట. డ్రెస్ అద్దె 600 విడిగా. పిల్లకాయలంతా గంతులేస్తుంటే వాళ్ళ ముఖాలు చూడకుండా మేమంతా ఫోన్లలోంచి చూశాం, అందులో నేనూ ఉన్నాను.

మే 9 వచ్చింది. మావాడు పొద్దుటే గుర్తుచేశాడు, స్టీలు గ్లాసు కూడా బ్యాగులో పెట్టుకెళ్ళాడు. మధ్యాహ్నం వచ్చాక ఏమైందిరా అంటే వర్క్‌షీట్ చూపించాడు. సూర్యుడి బొమ్మ, దానికి పసుపు రంగు వేయాలి. కిందికి తీసుకెళ్ళమని మిస్‌ని అడిగాడట. రోడ్డు మీదికి పిల్లల్ని తేలేమంది. అది కూడా నిజమే, కింద పార్కింగూ దాటితే ట్రాఫిక్కూ తప్ప ఏముంది!

మా అపార్ట్‌మెంట్‌లో అందరి అనుభవం ఒకేలా లేదు. ఎదురింటి అమ్మాయి ఎవరితోనూ మాట్లాడేది కాదు, ఈ క్యాంప్‌లోనే స్నేహితురాలు దొరికి నోరు విప్పిందని వాళ్ళమ్మ ఇప్పటికీ సంతోషిస్తుంది, ఆవిడకి 2025 బ్యాచే బాగా నచ్చింది. పై ఫ్లోర్ అన్నయ్యగారికి మాత్రం మొదటి ఏడు మీదే కంప్లైంట్. "ఫోనిక్స్ అని డబ్బులు తీసుకుని చింతగింజలు ఆడిస్తారా?" అని. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లల తల్లిదండ్రులు దాదాపు అందరూ బోర్ కొట్టిందనే అన్నారు, నేనూ ఆ వయసు వాళ్ళకి వద్దనే చెబుతాను. ఆరేళ్ళు నిండితే జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఏటా ఆటస్థలాల్లో పెట్టే వేసవి శిక్షణ శిబిరాలున్నాయి, ఫీజు నామమాత్రం, పొద్దున్నే ఎండెక్కకముందే అయిపోతాయి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది, బొమ్మలు, సంగీతం, నాట్యం లాంటివి తక్కువ ఖర్చులో నేర్పుతారు. మాకు దూరమని వెళ్ళలేదు గానీ దగ్గర్లో ఉన్నవాళ్ళు చూడొచ్చు.

ఇంకా ఇలాంటి క్యాంప్‌లోనే వేయాలనుకుంటే, నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకైతే వేయండి. చేర్చేముందు సిలబస్ అడగకండి, ఎంతమందిని తీసుకుంటారో, ఆ పైన వస్తే ఏం చేస్తారో అడగండి. పిల్ల బట్టలు తడుపుకుంటే మార్చేదెవరు, ఒకరికి జ్వరమో ఆటలమ్మో వస్తే ఎన్ని గంటల్లో చెబుతారు అన్నవి మొహమాటపడకుండా అడగాల్సినవి. ఒకసారి పదిన్నరకి చెప్పకుండా వెళ్ళి చూడనిస్తారేమో కనుక్కోండి. మట్టి, నీళ్ళు ఉన్న చోటయితే ఏసీ లేకపోయినా నేను అటే మొగ్గుతాను. ఇద్దరూ పూర్తిగా ఆఫీసుకెళ్ళే వాళ్ళకి ఈ మూడు గంటలు చాలవు, సాయంత్రం దాకా డేకేర్ విడిగా చూసుకోవాల్సిందే. మధ్యాహ్నాలు మేం పడ్డ తిప్పలు రాస్తే ఇది ఇంకో సమీక్ష అవుతుంది.

మార్కులు వేయమంటే 2023కి అయిదుకి నాలుగున్నర, 2024కి మూడు, 2025కి ఒకటిన్నర. ఆ ఒకటిన్నరలో ఒకటి ఆయమ్మది.

ఈసారి ఫిబ్రవరిలోనే ఎర్లీ బర్డ్ డిస్కౌంట్ అని మెసేజ్ వచ్చింది. ఆయమ్మ ఉందా అని ఫోన్ చేశాను. మానేసిందట. సరే, మళ్ళీ చేస్తానని పెట్టేశాను. మే మొదటి రెండు వారాలు ఖమ్మానికి టికెట్లు తీశాం. నేను కూడా సెలవు పెట్టి వెళ్తున్నాను కాబట్టి అమ్మకి భారం ఉండదు. అక్కడ నీడ ఏ రోజు పోతుందో కనుక్కోమని మావాడు రోజూ ప్రాణం తీస్తున్నాడు.