మెటల్‌లో డ్యాన్స్ సంగీతం: కార్న్ ఆల్బమ్ మేలా, ఎలక్ట్రిక్ కాల్‌బాయ్ ఆల్బమ్ మేలా?

హెవీ మెటల్, ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం కలిసిన ఆల్బమ్ ఒక్కటి చెప్పమని హన్మకొండలో ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు అడిగినప్పుడు నాకు రెండు పేర్లు తోచాయి. ఒకటి అమెరికా బృందం కార్న్ 2011 డిసెంబరులో విడుదల చేసిన ‘ది పాత్ ఆఫ్ టోటాలిటీ’, మరొకటి జర్మనీకి చెందిన ఎలక్ట్రిక్ కాల్‌బాయ్ 2022 సెప్టెంబరులో తెచ్చిన ‘టెక్నో’.

ఈ కలయికలో అసలు చిక్కు కింది స్థాయి ధ్వని దగ్గర వస్తుంది. ఏడు తంత్రుల గిటార్‌ను శ్రుతి బాగా దించి వాయించడం కార్న్ పద్ధతి, డబ్‌స్టెప్ అనే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీత శైలిలో మెలికలు తిరిగే బేస్ కూడా దాదాపు ఆ కింది స్థాయిలోనే మోగుతుంది కాబట్టి, జాగ్రత్త లేకపోతే ఒకదాన్నొకటి మింగేసి రొద మాత్రమే మిగులుతుంది. స్క్రిల్లెక్స్, ఎక్సిషన్, నోయిసియా వంటి ఎలక్ట్రానిక్ సంగీతకారులతో కలిసి కార్న్ చేసిన ఈ ఆల్బమ్‌లో ఆ జాగ్రత్త కనిపిస్తుంది. డబ్‌స్టెప్ వేగం నిమిషానికి 140 దెబ్బల దగ్గర ఉన్నా, స్నేర్ అనే డ్రమ్ దెబ్బ ఎడంగా పడడం వల్ల వినేవారికి అందులో సగం వేగమే తోస్తుంది. కార్న్ బరువైన నడకకు అది చక్కగా అమరింది. అందులోని ‘గెట్ అప్!’ పాట పెట్టినప్పుడు మా ఇంట్లో వూఫర్ పక్కనున్న స్టీలు గ్లాసులో నీళ్లు వలయాలు వలయాలుగా కదిలాయి, అయినా కార్న్ గాయకుడు జోనథన్ డేవిస్ గొంతు ఎక్కడా మునగలేదు.

మన డప్పు కళాకారుడు ఒక చేత సిర్ర, మరో చేత చిటికెన పుల్ల పట్టి ఒకే తోలు మీద రెండు రకాల దెబ్బలు పలికిస్తాడు. కార్న్ చేసిన పని నాకు అలాంటిది. ‘టెక్నో’ మాత్రం డప్పుల మేళం, డీజే బండి వంతులవారీగా మోగే పెళ్లి బరాత్‌ను తలపిస్తుంది. పల్లవిలో అందరూ ఎగరగలిగే టెక్నో మోత వస్తుంది, ఆ వెంటనే గిటార్లు, అరుపులు విరుచుకుపడతాయి. ‘హురికాన్’ పాట ష్లాగర్ అనే మెత్తని జర్మన్ జనప్రియ పాటల బాణీలో మొదలై ఉన్నట్టుండి కర్కశమైన మెటల్‌గా మారే క్షణం నాకెంతో ఇష్టం. పది పాటల్లో విసుగు పుట్టించేది ఒక్కటీ లేదు, కానీ రెండు సంగీతాలూ పక్కపక్కన నిలబడినంతగా ఒకదానిలో ఒకటి కరగవు.

ఇదే కలయికతో ఫియర్ ఫ్యాక్టరీ అనే మెటల్ బృందం 1997లో తెచ్చిన ‘రీమాన్యుఫాక్చర్’ వీటికంటే ముందుదే అయినా, అది 1995 నాటి సొంత ఆల్బమ్‌కు రీమిక్స్ రూపం కనుక మూలం విన్నవారికే దాని రుచి పూర్తిగా తెలుస్తుంది.

పది మంది కూడి ఎగరడానికైతే ‘టెక్నో’ మేలు, అందులో నాకు సందేహం లేదు. కూర్చుని శ్రద్ధగా వినడానికి మాత్రం నా ఓటు కార్న్‌కే. కొన్ని పాటల్లో యంత్రపు దెబ్బల మధ్య కార్న్ డ్రమ్మర్ రే లుజియర్ వాయించిన డ్రమ్స్ వెనక్కి పోవడం లోపమే, అయినా ఈ రెండు సంగీతాలు కలిసి ఒకే దేహంగా మారడం నేను అక్కడే విన్నాను. మేనల్లుడికి దాన్నే ఇచ్చి, ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినవద్దని చెప్పాను, ఎందుకంటే ఆ చిన్న స్పీకర్ కింది ధ్వనిని పలకలేదు, ఈ ఆల్బమ్ ప్రాణమంతా అక్కడే ఉంది.